కుమీనా, కూమినా?

(ముందున్నవి మాట్లాడేవారి ఊళ్లు.)

గుంటూరు: బైబిల్లో పరమగీతములో ‘నా ప్రియురాలా, సుందరవతీ, లెమ్ము రమ్ము’ అన్నచోట హీబ్రూ మూలం సగమే గుర్తుంది. ‘కుమీ లె…’ దగ్గర ఆగిపోతోంది. తర్వాత లెఖానా, లాఖా? యెరూషలేము యాత్రకు వెళ్లేవాళ్లకు ఒక పేజీ మాటల చీటీ రాస్తున్నాం. దాని పైన ఈ వాక్యం పెట్టాలని.

హైఫా: లాఖ్ అండీ, 2:10. ‘లెఖా’ ఆదికాండము 12:1లో అబ్రాహాముతో అన్న ‘లెఖ్ లెఖా’ లోది. మీకు రెండూ కలిసిపోయాయి. రెంటికీ అర్థం ‘నీకు’ అనే. మగవారితో లెఖా, ఆడవారితో లాఖ్. ఇది చీటీలోకి ఎక్కాల్సిందే. చిల్లర ఉందా అని అడగాలంటే కొట్లో మగమనిషి కూర్చుంటే ‘యెష్ లెఖా ఓదెఫ్?’, ఆడమనిషి అయితే ‘యెష్ లాఖ్ ఓదెఫ్?’

రాజమండ్రి: లాఖ్ సరే, దాని ముందుమాటే తప్పు పలుకుతున్నారు. ‘కుమీ’ కాదు, ‘కూమి’. ఊనిక, అంటే పలుకులో ఒత్తే బరువు, కూ మీద. మార్కు 5:41లో మన బైబిల్లో ‘తలీతాకుమీ’ (చిన్నదానా, లెమ్ము) అని అచ్చయింది కాబట్టి చివర దీర్ఘం అందరి నోటా నిలిచిపోయింది.

గుంటూరు: అది అరామిక్ కదా మాస్టారూ. ఆ లెక్క హీబ్రూకి ఎలా పనికొస్తుంది?

రాజమండ్రి: ‘లేచు’ అనే క్రియకు రెండు భాషల్లోనూ ధాతువు ఒకటే. చివరి ఇకారం స్త్రీతో మాట్లాడుతున్నామని చెప్పే ప్రత్యయం. మార్కు గ్రీకు ప్రతుల్లో పాతవి, నాలుగో శతాబ్దపు సీనాయి, వాటికన్ ప్రతులు, అక్కడ ‘కూమ్’ అనే రాశాయి. మరికొన్నిటిలో ‘కూమి’. బరువు చివర ఉంటే ఆ అక్షరం నోట్లోంచి జారిపోదు. జారిందంటే బరువు ముందున్నట్టే.

సికింద్రాబాద్: చీటీకి ఇదే సూత్రం పెట్టుకోండి. నేటి హీబ్రూలో హ్రస్వ దీర్ఘాల తేడా అర్థాన్ని మార్చదు, ఊనికే ముఖ్యం. అందుకని తెలుగు లిపిలో దీర్ఘాన్ని ఊనికకు గుర్తుగా వాడితే చాలు. ‘తోదా’ అని రాస్తే మనవాళ్లు తో మీద ఒత్తుతారు. ‘తొదా’ అని రాస్తే సరిగ్గా పలుకుతారు. అలాగే స్లిఖా (క్షమించండి), బెవకషా (దయచేసి). ‘చెప్పు’ అనడానికి మగవారితో తగీద్, ఆడవారితో తగీది. ఇక్కడ కూడా ఇకారం వచ్చి చేరినా బరువు గీ మీద నుంచి కదల్లేదు, కూమి లాగే.

హైఫా: ఆ సూత్రం బాగుంది. అది లేక చెడే మాట ఒకటుంది. ‘షెరూత్’ అంటే మనిషికింత అని పంచుకుని ఎక్కే వ్యాను. ‘షెరుతీమ్’ అంటే మరుగుదొడ్డి. ‘ఏఫొ హషెరూత్?’ అని అడిగితే వ్యాన్లు ఆగే చోటికి చెయ్యి చూపిస్తారు. చివరి ‘ఈమ్’ మింగెయ్యకూడదు, బరువంతా దాని మీదే.

రాజమండ్రి: మరి ‘ఖ’ సంగతి? లాఖ్ లోది మన ఖ కాదు. మనది క మీద ఊపిరి వదిలితే వచ్చే అక్షరం. అది గొంతు దగ్గర గీరుకుంటూ వచ్చే ఊదుడు. నా మటుకు అది జిహ్వామూలీయమే. విసర్గ తర్వాత క, ఖ వస్తే శాస్త్రం చెప్పిన పలుకు. ‘అంతఃకరణం’లో దాన్ని మనం ద్విత్వం చేసి పోగొట్టుకున్నాం.

సికింద్రాబాద్: అంత దూరం ఎందుకండీ. పాతబస్తీలో ‘ఖుదా హాఫిజ్’ అన్నప్పుడు వినపడే ఖ అదే. విన్న చెవికి వేరే పాఠం అక్కర్లేదు. దాన్ని గట్టి క చేస్తే ‘తొదా లాఖ్’ కాస్తా ‘తొదా లాక్’ అవుతుంది. లాక్ అంటే గోళ్ల రంగు.

గుంటూరు: బైబిలు అనువాదకులు దీనికి దారి వేసి పెట్టారుగా. ఈ పలుకుకి హీబ్రూలో ఉన్న రెండు అక్షరాల్లో ఖేత్‌కి హ, ఖాఫ్‌కి క. అందుకే రాహేలు, నోవహు. అందుకే మీకా.

రాజమండ్రి: మరి యెరికో? మూలంలో అక్కడ ఉన్నది ఖేతే. మీ దారి ప్రకారం యెరిహో కావాలి.

హైఫా: యెమెన్ నుంచి వచ్చిన యూదుల్లో పెద్దవాళ్లు ఆ రెండు అక్షరాలనూ ఇంకా వేరుగా పలుకుతారు. మిగతావాళ్లలో చాలామందికి రెండూ ఒకటే. బజార్లో రాహేలు ‘రఖేల్’. 20 షేకెల్ ఎర్ర నోటు మీద ఉన్న కవయిత్రి పేరూ అదే. ఇంటిపేరు లేకుండా ఆ ఒక్క పేరే చాలు ఆవిడకి. 1931లో పోయారు, కిన్నెరెత్ సరస్సు ఒడ్డున సమాధి. మన బైబిల్లో గలిలయ సముద్రం అదే. యాత్రికులు ఎలాగూ ఆ ఒడ్డుకి వెళ్తారు, అక్కడ ఆగి చూడమని రాయండి. నాలుగు నోట్ల మీదా కవులే. 50 మీద చెర్నిఖోవ్‌స్కీ, 100 మీద లేయా గోల్డ్‌బెర్గ్, 200 మీద ఆల్తెర్మన్. కవుల్ని చేత్తో పట్టుకుని బేరమాడే ఊరు అది.

సికింద్రాబాద్: బేరం అన్నారు కాబట్టి అంకెలు. షేకెల్ పుంలింగం. వ్యాకరణం ప్రకారం పదికి ‘అసరా ష్కలీమ్’. కొట్లో వినపడేది ‘ఎసెర్ షేకెల్’. హీబ్రూ అంకెల్లో ఆకారాంతం పుంలింగానికి, పొట్టి రూపం స్త్రీలింగానికి, అంటే మనం ఊహించేదానికి తలకిందులు. చీటీలో వాడుక రూపమే వెయ్యండి. ఇరవై నుంచి పదుల లెక్కకి లింగం గొడవ లేదు. ఎస్రీమ్, ఖమిషీమ్.

గుంటూరు: ఖమిషీమ్‌లో ఖ పెట్టారు, మీకు అది ఖేత్. ఖ కింద చుక్క పెట్టనా?

సికింద్రాబాద్: పెట్టండి. పైన ఒక్క వరుసలో ‘చుక్క ఉంటే ఖుదాలో ఖ’ అని రాస్తే సరి.

రాజమండ్రి: చుక్క జెరాక్సులో కొట్టుకుపోతుంది. విసర్గే మేలు, లాః అని. కంటికి ఆనుతుంది.

హైఫా: లాః అని రాస్తే మన నోట ‘లాహ’ అవుతుంది మాస్టారూ. అది ఇంకో అక్షరం, హే.

రాజమండ్రి: అందుకే జిహ్వామూలీయం నేర్పాలంటున్నాను. అదలా ఉంచి కూమి దగ్గరికి వస్తాను. మసోరా ప్రతిలో, అంటే పలుకు గుర్తులు పెట్టిన హీబ్రూ మూలంలో, ఊనిక చూపే స్వరచిహ్నం కూ కిందే గీసి ఉంది, చూసుకోండి.

హైఫా: చూశాను, ఒప్పుకున్నాను. అయితే మూడు వచనాల కింద, 2:13లో, అదే వాక్యం మళ్లీ వస్తుంది. అక్కడ రాసి ఉన్నది ‘లెఖీ’ అని చదివే అక్షరాలు, అంచున మాత్రం ‘లాఖ్’ అని చదవమని సూచన. గుంటూరు గారూ, మీరు ‘లె…’ దగ్గర ఆగింది ఇక్కడేనా?