మైనపు బొమ్మకు ఎక్స్‌రే తీస్తే వచ్చేదీ బొమ్మేనా?

ఇటలీలో 17, 18 శతాబ్దాల్లో వైద్యం నేర్పడానికి చేసిన మైనపు బొమ్మలకు ఇప్పుడు ఎక్స్‌రేలు, సీటీ స్కాన్లు తీసి లోపల ఏముందో చూస్తున్నారు. దాని మీద చిన్న వ్యాసం రాస్తున్నాను. మైనంతో చేసిందీ బొమ్మే, ఎక్స్‌రేలో వచ్చేదీ బొమ్మే. "బొమ్మలో ఎముక కనిపించింది" అని రాస్తే ఏ బొమ్మ అనుకోవాలి? "నమూనా", "చిత్రణ" అందామంటే పాఠ్యపుస్తకం వాసన కొడుతోంది.

— "ప్రతిమ" అనొచ్చేమో. కానీ పూజామందిరం గుర్తొస్తుంది. పొట్ట తెరిచి పేగులు చూపించే బొమ్మకు అది నప్పదు.

— స్కానింగ్ సెంటర్లో పనిచేస్తానండీ. మా దగ్గరికొచ్చేవాళ్లెవరూ బొమ్మ, చిత్రం అనరు. "ఎక్స్‌రేలో ఏం పడింది?" అని అడుగుతారు. మీరూ "ఎక్స్‌రేలో ఎముక పడింది" అని రాసేయండి, గొడవ ఉండదు. తేనెమైనం నీటికంటే తేలిక, సీటీలో దాదాపు కొవ్వులాగే మసకగా పడుతుంది. ఎముకా ఇనుప తీగా తెల్లగా కొట్టొచ్చినట్టు పడతాయి. ఇనుమైతే చుట్టూ చారలు కూడా వస్తాయి, పక్కనున్నది సరిగ్గా తెలియనివ్వదు.

— "పడింది" బాగుంది. నా సందేహం "మైనపు" మీద. ఫ్లోరెన్స్‌లోని లా స్పెకోలా మ్యూజియంలో జుంబో అనే శిల్పి చేసిన తల ఉంది. ఆయన 1701లో పోయాడు. ఆ తల లోపల ఉన్నది నిజం మనిషి పుర్రె, దాని మీద మైనం పూశాడు. బొలోన్యాలో లెల్లీ అనే శిల్పి కూడా అసలు అస్థిపంజరాల మీదే కండరాలు దిద్దాడు. ఆ తర్వాత వచ్చిన శిల్పి సుసీనీ కాలానికి వచ్చేసరికి ప్లాస్టర్ అచ్చుల్లో మైనం పోయడం మామూలైంది. వాటిని అచ్చుగుద్దినట్టు ఉన్నాయంటే అక్షరాలా నిజం, జుంబో తలను అలా అనలేం. మరి రెండూ మైనపు బొమ్మలేనా?

— ఎందుక్కాదండీ? లోపల గడ్డీ వెదురూ ఉన్నా మట్టి వినాయకుడనే అంటాం కదా!

— వ్యాసంలో సుసీనీ 1782లో చేసిన వెనెరీనా అనే యువతి బొమ్మ గుండె సంగతి ఉంటే ఒక్క మాట. పుట్టాక మూసుకుపోవాల్సిన నాళం అందులో తెరిచే ఉంది. దాన్ని "స్కాన్‌లో పడింది" అని మాత్రం రాయకండి. ఆ బొమ్మను పొరలు పొరలుగా విప్పొచ్చు, గుండె బయటికే కనిపిస్తుంది. వైద్యులు కంటితో చూసే గుర్తుపట్టారు.