గ్రానైట్ స్తంభం శిథిలం కావడానికి కారణం కాలుష్యమా, నీరా, వాతావరణమా?

ప్రశ్న:
ఈజిప్టులో 3,000 ఏళ్లకు పైగా ఉన్న ‘క్లియోపాత్రా సూది’ అనే గ్రానైట్ స్తంభాన్ని 1881లో న్యూయార్క్‌లోని సెంట్రల్ పార్కులో నిలబెట్టగా, కొద్ది కాలానికే దాని పైపొర పెచ్చులుగా రాలి, చెక్కిన చిత్రలిపి కొన్ని పక్కల చెరిగిపోయింది. నగర కాలుష్యమే ఇందుకు కారణమని తరచు చెబుతారు. అయితే ఆమ్లవర్షానికి త్వరగా లొంగేవి పాలరాయి, సున్నపురాయి అని, గ్రానైట్ అంత సులభంగా లొంగదని కూడా చదివాను. ఈ రెండు మాటలకూ పొంతన ఎలా కుదురుతుంది?

మొదటి జవాబు:
మీ సందేహం సబబే. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగి కార్బోనిక్ ఆమ్లం ఏర్పడడం వల్ల, కాలుష్యం లేని చోట కూడా వాన నీటి పీహెచ్ విలువ (ఇది 7 కంటే ఎంత తగ్గితే ఆమ్లత్వం అంత ఎక్కువ) సుమారు 5.6 మాత్రమే ఉంటుంది. ఇంధనాలు మండినప్పుడు వెలువడే సల్ఫర్, నైట్రోజన్ ఆక్సైడ్లు తోడైతే అది ఇంకా పడిపోతుంది. పాలరాతిలోని ముఖ్య ఖనిజమైన కాల్సైట్ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కలిసి జిప్సంగా మారుతుంది. వాన తగిలే చోట ఆ జిప్సం కొట్టుకుపోయి రాయి అరుగుతుంది, తగలని చోట మసిని పట్టుకుని నల్లటి పెచ్చుగా పేరుకుంటుంది. గ్రానైట్ సంగతి వేరు. అందులోని ముఖ్య ఖనిజాలలో ఫెల్డ్‌స్పార్ నీటితో చర్య జరిపి బంకమన్నుగా మారడానికి చాలా కాలం పడుతుంది, క్వార్ట్జ్ దాదాపు చెక్కుచెదరదు. కాబట్టి కొన్నేళ్లలో జరిగిన నష్టాన్ని ఆమ్లానికి మాత్రమే అంటగట్టలేము.

రెండవ జవాబు:
ఉప్పును మరచిపోకూడదు. ఈజిప్టులో కూలి నేల మీద పడి ఉన్న కాలంలో ఆ స్తంభం నేల తేమతో పాటు లవణాలను కూడా పీల్చుకుందన్న వివరణే నాకు సమంజసంగా తోస్తుంది. పొడి వాతావరణంలో కదలక పడి ఉన్న ఆ లవణాలు, తేమ గల నగరంలో మళ్లీ మళ్లీ కరిగి, స్ఫటికాలై, రాతి రంధ్రాలను లోపలి నుంచి నెట్టాయి. చలికాలంలో గడ్డకట్టిన నీరు సుమారు 9 శాతం వ్యాకోచించడం దానికి తోడైంది.

ప్రశ్న అడిగినవారు:
అలాగైతే ఎడారి రాళ్లు పగటి ఎండకు, రాత్రి చలికి పగులుతాయని బడిలో చదువుకున్నది తప్పా?

రెండవ జవాబు ఇచ్చినవారు:
పూర్తిగా తప్పు కాదు కానీ, అందులో నీటి పాత్రను వదిలేశారు. 1936లో గ్రిగ్స్ అనే పరిశోధకుడు గ్రానైట్ ముక్కను 89,400 సార్లు, అంటే రోజుకొకసారి చొప్పున 244 ఏళ్లకు సరిపడా, పొడిగా వేడిచేసి చల్లార్చినా చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. చల్లార్చేటప్పుడు నీటిని వాడగానే కొద్ది రోజులలోనే ఉపరితలం దెబ్బతినసాగింది. చిన్న ముక్కతో చేసిన ప్రయోగం పెద్ద బండకు పూర్తిగా వర్తించదన్న అభ్యంతరం మాత్రం న్యాయమైనదే.

మూడవ జవాబు:
వాతావరణం ప్రభావం కూడా చాలావరకు నీటి ద్వారానే పనిచేస్తుంది. వేడి, తేమ రెండూ సమృద్ధిగా ఉన్న ఉష్ణమండలంలో రసాయన చర్యలు వేగంగా సాగి, సిలికా కొట్టుకుపోగా ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు మిగిలి ఎర్రటి లాటరైట్ అనే మట్టిరాయి ఏర్పడుతుంది. వేడి ఉన్నా నీరు కరవైన ఎడారిలో అదే శిల యుగాల పాటు నిలుస్తుంది. ఇక రాతికి నీరు చొరని పూత వేస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. లోపల అప్పటికే లవణాలు, తేమ ఉంటే అవి ఆ పూత వెనుకనే స్ఫటికాలై పైపొరను ఊడదీస్తాయి కనుక, ముందు లవణాలను తొలగించాలి, నీరు చేరే దారిని మూయాలి.