కారులోనే పడుకోవాలంటే శ్రీకాకుళం వైపు ఎక్కడ ఆపొచ్చు?

ప్రశ్న: విజయనగరం నుంచి ఇచ్ఛాపురం దాకా ఇద్దరం వెళ్తున్నాం. రెండు రాత్రులు కారులోనే నిద్ర. పోలీసులు లేపకుండా ఎక్కడ ఆపుకోవచ్చండీ? కళింగపట్నం బీచ్ కుదురుతుందా?

జవాబు 1: హైవే అంచున మాత్రం వద్దండి. ప్రమాదకరంగా బండి వదిలితే మోటారు వాహనాల చట్టం 122వ సెక్షను కింద తప్పు. దానికన్నా, నిద్రమత్తులో లారీ వెనకనుంచి గుద్దడమే అసలు భయం. నాతవలస, మడపాం టోల్‌గేట్ల దగ్గర సిబ్బందిని అడిగి పక్కకి ఆపండి. లేదంటే రాత్రంతా తెరిచుండే పెట్రోలు బంకు. ముందు డీజిలు కొట్టించండి, తర్వాత మేనేజర్ని అడగండి, ట్యాంకర్లు తిరిగే దారి వదిలి గోడవైపు పెట్టండి. దారిలో ఇబ్బందైతే జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేయండి.

జవాబు 2: కళింగపట్నంలో ఇసుకలోకి దించొద్దు. పైన గట్టిగా కనిపించినా కింద మెత్తన, ముందు చక్రాలు ఇరుసుదాకా దిగిపోతాయి. రోడ్డు చివరే ఆపి, దగ్గరి స్టేషన్లో బండి నంబరు చెప్పి అనుమతి అడగండి. జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం, లైట్లు ఒడ్డుమీద పడనివ్వకండి. పిల్లలు వెలుతురుకే దారి తప్పుతాయి, పాపం.

జవాబు 3: ఏసీ వేసుకుని ఇంజను ఆన్‌లో ఉంచి పడుకోవద్దు, దయచేసి. సైలెన్సరు పొగలోని కార్బన్ మోనాక్సైడుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఎదురుబొదురు మూలల అద్దాలు రెండు వేళ్ల సందు దించి, తలుపు మీదుగా దోమతెర గుడ్డ వేసి మూసేయండి.