పాలపుంతలో ‘పుంత’ అంటే ఏమిటి?

అందరికీ నమస్కారం. మాది దేవరకొండ దగ్గర పల్లె. రాత్రి పడుకునే ముందు ఫోన్లో ఆకాశం ఫోటోలు చూడడం నాకు కొన్నేళ్లుగా అలవాటు. నాసా వాళ్లు 1995 జూన్ 16న మొదలుపెట్టి రోజుకొక ఖగోళ చిత్రం పెడుతున్నారు, కింద చిన్న వివరణతో. నచ్చినవాటికి తెలుగులో రెండు ముక్కలు రాసి మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో వేస్తుంటాను.

పోయిన వారం పాలపుంత ఫోటో ఒకటి వేస్తూ ఆగిపోయాను. పాలు సరే, పుంత ఏమిటి? ఇన్నేళ్లూ దాన్ని కుప్ప, రాశి అనే అనుకున్నాను. ‘కొత్త పుంతలు తొక్కింది’ అని ఎన్నోసార్లు రాసినవాణ్ని, తొక్కేది దేన్నో ఒక్కనాడూ ఆలోచించలేదు. నిఘంటువు తీస్తే పుంత అంటే దారి, బాట అని ఉంది. మా ఊళ్లో ఈ మాట నేను ఎవరి నోటా వినలేదు. మాకు డాంబర్ రోడ్డు కానిదల్లా బాటే. బండ్ల బాట, కాలిబాట.

అప్పుడే మా నాయిన పక్కన కూర్చుని ఫోన్ తీసుకున్నాడు. ఇరవై ఏళ్లు ఎడ్లబండి తోలిన మనిషి. ఫోటో చూడగానే, “గిది బండ్ల బాట లెక్కున్నది గదరా” అన్నాడు. నేను పుంత గురించి ఆయనకు ఒక్క మాట కూడా చెప్పలేదు. ఎట్లా అని అడిగితే ఫోటో నడుమ నల్లటి చార మీద వేలు పెట్టి, “అటు ఇటు గిర్రల జాడ తెల్లగ, నడిమిట్ల గడ్డి మొలిసిన కాడ నల్లగ” అన్నాడు.

నిజంగానే అట్లాగే ఉంది. పాలపుంత అంటే మన గెలాక్సీ, అంటే మన సూర్యుడు కూడా ఉన్న చుక్కల మహా గుంపు. అది పళ్లెంలాంటిది, ఆ చివర నుంచి ఈ చివరకు సుమారు లక్ష కాంతి సంవత్సరాలు (వెలుగు ఒక్క ఏడాదిలో పోయే దూరం ఒక కాంతి సంవత్సరం). కేంద్రం నుంచి దాదాపు 26 వేల కాంతి సంవత్సరాల దూరంలో మనం ఆ పళ్లెం లోపలే ఉన్నాం. లోపలి నుంచి చూస్తున్నాం కాబట్టి అది గుండ్రంగా కాక, ఆకాశానికి అడ్డంగా పరిచిన పట్టీలా కనబడుతుంది. నడుమ నలుపు ఉన్నచోట చుక్కలు లేక కాదు. అక్కడ ధూళి మేఘాలు ఉన్నాయి, వెనక చుక్కల వెలుగును అవి అడ్డుకుంటున్నాయి. ఆ నల్లటి చార హంస నక్షత్ర మండలం దగ్గర మొదలై ధనుస్సు రాశి వైపు సాగుతుంది. కెమెరా ఇరవై సెకన్లు కన్ను తెరిచి వెలుగును పోగుచేసుకుంటుంది గనుక ఫోటోలో అది మరీ స్పష్టంగా తేలుతుంది. కానీ మబ్బు, దీపాలు లేని ఎండాకాలపు రాత్రి మామూలు కంటికి కూడా ఆనుతుంది. కళ్లం కాడ పండుకున్న రోజుల్లో నాయిన రోజూ చూసిందే.

ఇంకో సంగతి కూడా అడగాలి. 2022 జులైలో జేమ్స్ వెబ్ అనే అంతరిక్ష టెలిస్కోపు తీసిన మొదటి లోతు చిత్రం, అంటే ఆకాశంలో చాలా దూరం దాకా చూపే చిత్రం, వచ్చింది. చాచిన చేతిలోని ఇసుక రేణువు ఎంత ఆకాశాన్ని మరుగుచేస్తుందో అంత జాగాలో వేల గెలాక్సీలు. దాని కింద చాలామంది ‘వేలాది పాలపుంతలు’ అని రాశారు. నాకది ఒప్పడం లేదు. పాలపుంత మన ఇంటి ముందరి బాట పేరు. అన్నిటికీ అదే పేరు పెడితే మనదాన్ని ఏమని పిలుస్తాం? మిగతావాటికి నక్షత్రవీధి ఉంది, గెలాక్సీ అన్నా ఎవరికీ అర్థం కాకపోదు. మీరేమంటారు?

వ్యాఖ్య, భీమవరం నుంచి:
మా వైపు పుంత బతికే ఉందండీ. పొలాలకు పోయే మట్టిదారి పుంత. ‘పుంత రోడ్డు’ అని కూడా అంటాం. మీ నాన్నగారు చెప్పింది మా పుంతలకు అచ్చంగా సరిపోతుంది. అయితే రెండో దాంట్లో మీతో ఏకీభవించను. గెలాక్సీ అనే మాటే గ్రీకులో పాలకు సంబంధించినది. ముందు మన పాలపట్టీ ఒక్కదాని పేరే, తర్వాత అన్నిటికీ పాకింది. తెలుగులోనూ అట్లా పాకితే తప్పేముంది?

నా జవాబు:
మంచి మాట చెప్పారు సార్, గ్రీకు సంగతి నేను ఆలోచించలేదు. కానీ వాళ్లకు గెలాక్సీ అన్నిటికీ పాకాక, మనదానికి ‘మిల్కీ వే’ అని వేరే పేరు మిగిలింది. మనకు పాలపుంత పోతే వాడుకలో మిగిలేది ఏది? ఆకాశగంగ అంటే చాలామందికి పురాణంలో గంగే గుర్తొస్తుంది. పాలవెల్లి మంచి మాట, వెల్లి అంటే ప్రవాహం. కానీ ఇప్పుడు చవితి నాడు వినాయకుడి పైన కట్టే చట్రానికే ఆ పేరు స్థిరపడింది. అందుకే పాలపుంతను కాపాడుకోవాలంటాను.

వ్యాఖ్య, మహబూబ్‌నగర్ నుంచి:
అన్నా, కృత్తిక చుక్కల గుంపు ఫోటో వేసినప్పుడు ఏం రాస్తావు? మా అవ్వ పిల్లలకోడి అనేది. మా ఊరి పిల్లలమర్రి లెక్కనే, తల్లి చుట్టూ పిల్లలు. ఇంగ్లీషు పేరు రాస్తే మా ఇంట్ల ఎవ్వరూ గుర్తుపట్టరు.

నా జవాబు:
తమ్మీ, నేను ఇన్నాళ్లూ ప్లయడీస్ అనే రాసిన. పిల్లలమర్రి, పిల్లలకోడి ఒకే తీరు మాటలని ఇప్పుడే తట్టింది. కంటికి ఆరు చుక్కలే ఆనుతాయి గానీ ఫోటోలో వందలు, వాటి చుట్టూ నీలి పొగ. చుక్కల వెలుగు ధూళి మీద పడి చెదరడం వల్ల ఆ నీలం. ఆ పొగ అచ్చంగా పిల్లల మీద పరిచిన కోడి రెక్కలాగే ఉంటుంది. కార్తీకంలో పొద్దుగూకినాక తూర్పున లేస్తుంది గదా, ఆ రోజు ఫోటో వేసి ‘పిల్లలకోడి’ అనే రాస్తా. కృత్తిక అని పక్కన చిన్నగా.