కళ్లజోడు కోసం వెళ్తే పిల్లలెందుకు లేరని అడిగారు. ఇలాంటివి చెప్పకుండా ఉండొచ్చా?

తెనాలి లెక్కల టీచర్:

నాకు 42 ఏళ్లు. తెనాలి దగ్గర ఒక జెడ్పీ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. మొన్న యూనిట్ టెస్టు పేపర్లు దిద్దుతుంటే 3కీ 8కీ తేడా తెలియలేదు. పేపరు చేయి చాచినంత దూరం పెడితే అంకె స్పష్టంగా కనిపించింది. చత్వారం వచ్చిందన్నమాట, ఈ వయసుకి అందరికీ వచ్చేదే కదా అనుకుని గుంటూరులో ఒక కంటి ఆసుపత్రికి వెళ్లాను. రెండు నెలలుగా తలనొప్పి కూడా వస్తోంది. అదీ చత్వారం వల్లే అనుకున్నాను.

డాక్టరు గారి గదిలోకి పంపే ముందు హాల్లో ఒక టేబుల్ ఉంటుంది. అక్కడ జూనియర్ అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని వివరాలు రాసుకుంటోంది. టేబుల్‌కి మూరెడు దూరంలోనే వరసగా కుర్చీలు. నా వెనక టోకెన్ వాళ్లు నా భుజం మీద నుంచే చూస్తున్నారు. షుగర్ ఉందా, బీపీ ఉందా, థైరాయిడ్ ఉందా అని అడిగింది. సరే, చెప్పాను. ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉన్నాయా అంది, లేవన్నాను. తర్వాత ఒక్కసారిగా "నెలసరి సరిగ్గా వస్తోందా?" అంది, గొంతు ఏమీ తగ్గించకుండా. మెల్లగా జవాబు చెప్తే వినపడలేదని మళ్లీ అడిగింది. తర్వాత "పిల్లలెంతమంది?" లేరన్నాను. "ఒక్కరు కూడా లేరా? ఎందుకని? మందులేమైనా వాడారా?"

వాడలేదు అని చెప్పాను. ఎలాగైనా ఆ సంభాషణ అక్కడితో ఆగితే చాలనిపించింది.

రెండు కుర్చీల అవతల నా తొమ్మిదో తరగతి విద్యార్థి తల్లి కూర్చుని ఉంది. నేను లేచి తిరిగేదాకా ఆమెను చూడలేదు. సోమవారం బడి గేటు దగ్గర ఆవిడ నా చేయి పట్టుకుని, ఫలానా ఊళ్లో అమ్మవారి చెట్టుకి ఉయ్యాల కడితే ఏడాది తిరక్కుండా పిల్లలు పుడతారు, మా ఆడపడుచుకి అలాగే పుట్టారు అని చెప్పింది. ఆమె మంచి మనసుతోనే చెప్పింది. కానీ పక్కన ఇద్దరు టీచర్లు, ఎనిమిది తొమ్మిది మంది పిల్లలు ఉన్నారు. తొమ్మిదేళ్ల క్రితం మేం రెండుసార్లు ఐవీఎఫ్ చేయించుకున్నాం. ఆ సంగతి మా అత్తగారికి తప్ప ఎవరికీ తెలియదు. ఆ రోజు ఫస్ట్ పీరియడ్ బోర్డు మీద లెక్క వేస్తుంటే చేయి వణికింది.

ఇంతా చేస్తే లోపల డాక్టరు గారు నా కళ్లు చూసింది రెండు నిమిషాలు. తలనొప్పి సంగతి నేను ఎత్తేలోపే తర్వాతి టోకెన్ పిలిచేశారు.

నేను ప్రశ్నలకే వ్యతిరేకిని కాదు. పోయిన ఏడాది పంటి ఎక్స్‌రేకి వెళ్తే, గర్భం ఏమైనా ఉందా అని అడిగారు. ఎక్స్‌రే తీస్తున్నాం కాబట్టి అందరు ఆడవాళ్లనీ అడుగుతాం మేడం అని ఆ అమ్మాయి ముందే చెప్పింది. ఆ మాట నాకు ఎంత ముల్లులాంటిదైనా బాధ అనిపించలేదు, ఎందుకు అడిగిందో తెలిసింది కాబట్టి. కళ్లజోడు దగ్గర మాత్రం ఎంత ఆలోచించినా అర్థం కాలేదు. బోడిగుండుకీ మోకాలికీ ముడి పెట్టినట్టే అనిపించింది. కంటికీ నెలసరికీ ఏమిటి సంబంధం? ఇలాంటివి చెప్పను అంటే వైద్యం సరిగ్గా చేయరా? తెలిసినవాళ్లు చెప్పండి.

రాజమండ్రి ఆప్టోమెట్రిస్ట్:

మేడం, ముందుగా క్షమించండి. నేను కూడా చదువు అయిన కొత్తలో మూడేళ్లు అలాంటి టేబుల్ దగ్గరే కూర్చున్నాను. గడులన్నీ నింపకుండా పేషెంటుని లోపలికి పంపితే మాకు తిట్లు పడేవి. ఎందుకు అడగాలో మాకు చదువులో చెప్పారు, ఎలా అడగాలో ఎవరూ చెప్పలేదు.

షుగర్ ఎందుకంటే, రక్తంలో చక్కెర బాగా పెరిగినప్పుడు కంట్లో లెన్స్ నీరు పీల్చుకుని పవర్ మారిపోతుంది. అప్పుడు జోడు రాసిస్తే, షుగర్ అదుపులోకి వచ్చిన కొన్ని వారాలకే ఆ అద్దాలు పనికిరావు. టీబీకి వాడే ఎథాంబ్యుటాల్ కొందరిలో కంటి నరాన్ని దెబ్బతీస్తుంది, ఎరుపు ఆకుపచ్చ రంగులు సరిగ్గా తెలియవు. కీళ్లవాతానికి ఏళ్ల తరబడి హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడేవాళ్లకి రెటీనా పరీక్ష చేస్తూ ఉండాలి. స్టెరాయిడ్లు కంటి ఒత్తిడి పెంచుతాయి, శుక్లం తెస్తాయి. కాబట్టి "మందులేం వాడుతున్నారు" అనేది మాకు చాలా ముఖ్యమైన ప్రశ్న.

ఇక మీరు అడిగిన నెలసరి. దీనికీ కంటికీ నిజంగానే సంబంధం ఉంది. రెండు కళ్ల నుంచి వచ్చే నరాలు మెదడు అడుగున ఒకచోట కలుస్తాయి. సరిగ్గా దాని కిందే పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. ఆ గ్రంథిలో చిన్న గడ్డ వస్తే ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరగొచ్చు. అప్పుడు నెలసరి తప్పుతుంది, గర్భం నిలవడం కష్టమవుతుంది. గడ్డ పెద్దదైతే తలనొప్పి వస్తుంది, పైన ఉన్న నరాలు నొక్కుకుని పక్క చూపు తగ్గుతుంది. సూటిగా కనిపించేది బాగానే కనిపిస్తుంది కాబట్టి మనిషికి ఆ సంగతి తెలియదు. తలుపు అంచులు, బండి అద్దాలు తగులుతుంటాయి అంతే. మీరు ఫారంలో తలనొప్పి అని రాయించి ఉంటే ఆ అమ్మాయి అందుకే అడిగి ఉండొచ్చు.

దయచేసి టెన్షన్ పడకండి. ఇది అరుదు. 42 ఏళ్లకి దగ్గరి అంకెలు కనపడకపోవడం నూటికి తొంభై పాళ్లు ఉత్త చత్వారమే. కానీ తలనొప్పి రెండు నెలలుగా ఉందన్నారు, అది ఎవరూ వినలేదన్నారు. అది మాత్రం వదలకండి.

"ఎందుకని లేరు?" అన్నమాట మాత్రం తప్పే. అది ఏ ఫారంలోనూ ఉండదు.

హనుమకొండ నుంచి:

మా నాన్న సంగతి చెప్తాను. 71 ఏళ్లు. కుడి కంటికి శుక్లం ఆపరేషన్ ముందు, మా ఆవిడే తోడు వెళ్లింది, నాకు ఆ రోజు సెలవు దొరకలేదు. ఏమేం గోలీలు వాడుతున్నారని నర్సు అడిగితే బీపీ గోలీ ఒక్కటే చెప్పాడు. ప్రోస్టేట్‌కి రోజూ రాత్రి వేసుకునే టామ్సులోసిన్ సంగతి చెప్పలేదు. కోడలి ముందు ఒంటేలు తిప్పలు ఎట్ల చెప్పాలి అన్నాడు తర్వాత. పైగా కంటి ఆపరేషన్‌కి ఆ ముచ్చట ఎందుకు అనుకున్నాడట.

ఆ గోలీ వాడేవాళ్లకి కంట్లో నల్లగుడ్డు చుట్టూ ఉండే ఐరిస్ పట్టు తప్పి, ఆపరేషన్ మధ్యలో తడిగుడ్డలా ఊగుతుందట. 2005 నుంచే డాక్టర్లకి ఇది తెలుసు. ముందే చెప్తే దానికి తగ్గ కొక్కేలు, ఇంజెక్షన్ సిద్ధం చేసుకుంటారు. చెప్పకపోతే లోపల తెలుస్తుంది. ఇరవై నిమిషాలు అన్న ఆపరేషన్ గంట దాటింది. బయట బెంచీ మీద మా ఆవిడ ఒక్కతే. దేవుడి దయ, చూపు బాగానే వచ్చింది. డాక్టరమ్మ బయటికొచ్చి కోప్పడలేదు, "పెద్దాయనా, నా ఒక్కదానికే చెప్తానని అడిగితే అందర్నీ బయటికి పంపేదాన్ని కదా" అంది.

ఎడమ కంటికి నేనే వెళ్లాను. గోలీల షీట్లన్నీ ఒక కవర్లో వేసుకుని టేబుల్ మీద పెట్టాం. నాన్న నోరు విప్పాల్సిన పనే రాలేదు.

విశాఖ నుంచి:

మీరందరూ చాలా ఓర్పుగా మాట్లాడుతున్నారు, నాకు అంత ఓర్పు లేదు. డాక్టర్ల వృత్తి నియమావళి 2002లోనే వచ్చింది. పేషెంటు ఇంటి సంగతులు, సొంత సంగతులు గోప్యంగా ఉంచాలనీ, ఓపికగా సున్నితంగా మెలగాలనీ అందులో స్పష్టంగా ఉంది. హాల్లో అందరికీ వినపడేలా అడిగి రాసుకోవడం దానికి తగిన పని కాదు. టీచర్ గారూ, చెప్పకుండా ఉండే హక్కు మీకుంది. "ఇది ఇక్కడ చెప్పలేను, డాక్టరు గారికి లోపల చెప్తాను" అంటే చాలు. ఆసుపత్రికి ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. టేబుల్ ఒక మూలకి జరిపి అడ్డంగా ఒక తెర కట్టడానికి ఏం ఖర్చవుతుంది?

డాలస్ నుంచి ఒక అక్క:

చెల్లీ, నీ పోస్టు రెండుసార్లు చదివాను.

ఇక్కడ ప్రశ్నలు ఇంకా ఎక్కువ. ఏడాదికోసారి చెకప్‌కి వెళ్తే ముందు ఒక కాగితం ఇస్తారు. గత రెండు వారాల్లో దేని మీదా ఆసక్తి లేకుండా ఉందా, దిగులుగా అనిపించిందా అని రెండు ప్రశ్నలు. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు. రెండూ కలిపి మూడు వస్తే చాలు, తొమ్మిది ప్రశ్నల కాగితం ఇస్తారు. వచ్చిన కొత్తలో నాకు ఒళ్లు మండేది. ఫ్లూ టీకాకి వచ్చిన మనిషిని దిగులు సంగతి అడగడం ఏంటని, చదవకుండానే అన్నిటికీ సున్నా పెట్టేదాన్ని.

మా అమ్మ చనిపోయిన ఏడాది కూడా సున్నాలే పెట్టాను. అప్పుడు నర్సు మా ఆయన్ని "మీరు కాసేపు బయట కూర్చోండి, ఇది మేం అందరికీ చేసేదే" అని పంపించి, తలుపు వేసి, స్టూల్ నా ముందుకి లాక్కుని కూర్చుంది. ఇంట్లో మీకు భయం లేకుండా ఉందా అని అడిగింది. ఆ భయమేం లేదు నాకు. కానీ తలుపు వేసి ఉండటం వల్లో ఏమో, అమ్మ పోయిందనీ, టికెట్ దొరికి ఊరు చేరేసరికి అంతా అయిపోయిందనీ చెప్పేశాను. ఎవరికీ చెప్పుకోలేదు అప్పటిదాకా. ఆవిడ ఆ కాగితం వెనక్కి తీసుకుని, మళ్లీ నింపమని ఇచ్చింది.

నీకు ఆ రోజు తలుపు ఉండాల్సింది, చెల్లీ.

తెనాలి లెక్కల టీచర్:

అందరికీ నమస్కారం. రాజమండ్రి వారి జవాబు చదివాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. భయంతో కాదు. ప్రొలాక్టిన్ అన్న మాట ఎక్కడో విన్నట్టు అనిపించింది. పొద్దున్నే బీరువా పై అరలోంచి పాత ఫైలు తీశాను. తొమ్మిదేళ్లుగా దాన్ని ముట్టుకోలేదు. చీరల కింద పెట్టడం వల్ల అట్ట వంగిపోయి ఉంది. అందులో ఉంది, ప్రొలాక్టిన్ ఎక్కువ అని ఎర్ర పెన్నుతో గీత గీసి. దాన్ని తగ్గించే క్యాబెర్గొలిన్ వారానికి రెండుసార్లు అర మాత్ర చొప్పున కొన్ని నెలలు వాడాను. తర్వాత ఐవీఎఫ్ హడావిడిలో అది ఆగిపోయింది. మళ్లీ ఎవరూ అడగలేదు, నేనూ మర్చిపోయాను.

ఆ హాల్లో "మందులేమైనా వాడారా" అంటే లేదు అన్నాను. నిజం చెప్పాల్సిన ఒక్క ప్రశ్నకే అబద్ధం చెప్పాను. అక్కడ ఆ తల్లి వింటుంటే ఇంకేం చెప్పగలనో ఇప్పటికీ నాకు తెలియట్లేదు.

విశాఖ వారు చెప్పినట్టు ఆసుపత్రికి ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో పంపాను. హనుమకొండ వారి కవర్ ఉపాయం మా ఆయనకి బాగా నచ్చింది. డాలస్ అక్కా, మీ అమ్మగారి సంగతి చదివి ఏడ్చాను.

గురువారం వేరే డాక్టరు గారి దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. ఫోన్లోనే చెప్పాను, కొన్ని విషయాలు గదిలోనే చెప్తానని. సరే మేడం అన్నారు. పక్క చూపు టెస్టు చేస్తారట. రాజమండ్రి వారూ, దానికి కంట్లో చుక్కలు వేస్తారా? మా ఆయనకి ఆ రోజు డ్యూటీ ఉంది, ఒక్కదాన్నే బస్సులో తిరిగి రాగలనా?

రాజమండ్రి ఆప్టోమెట్రిస్ట్:

ఆ టెస్టు వరకూ మామూలుగా చుక్కలు వేయరు మేడం. గిన్నెలాంటి మిషన్‌లో గడ్డం ఆనించి మధ్యలో చుక్కనే చూస్తూ, పక్కన వెలుగు మెరిసినప్పుడల్లా బటన్ నొక్కాలి. ఒక్కో కంటికి కొన్ని నిమిషాలు. మధ్యలో అలసట వస్తే ఆపమని అడగొచ్చు. కానీ కంటి వెనక నరం చూడటానికి తర్వాత చుక్కలు వేస్తారు. నాలుగైదు గంటలు దగ్గరివి మసకగా ఉంటాయి, ఎండ కళ్లలో గుచ్చుతుంది. బస్సు బోర్డు చదవగలరు, టికెట్ మీద అంకెలు చదవలేరు. నల్ల కళ్లద్దాలు, గొడుగు తీసుకెళ్లండి. ఎవరైనా తోడుంటే మంచిది. ఆ ఫైలు మొత్తం తీసుకెళ్లండి, ఎర్ర గీత ఉన్న కాగితం పైన పెట్టి. రక్తపరీక్ష మళ్లీ చేయించాలా, స్కాన్ అవసరమా అన్నది వాళ్లు చూసి చెప్తారు. గురువారం సాయంత్రం ఏమన్నారో ఇక్కడ రాయండి, చూస్తుంటాను.