అప్‌డేట్: ఆ చెట్టు చెస్ట్‌నట్ కాదు, క్వెర్కస్ అక్యుటిసిమా అనే ఓక్

ఆకు అంచున ముల్లులాంటి పళ్లున్న చెట్టు చెస్ట్‌నటా, ఓకా అని అడిగాను కదా, తేలింది. ఆకు అడుగు చూడమన్నవాళ్లకు థాంక్స్, పనిచేసిన సలహా అదే.

చెస్ట్‌నట్ అనుమానం కాయతోనే పోయింది. గింజను మూసేసే ముళ్ల తొడుగు లేదు. గింజ అడుగు భాగాన్ని పట్టి ఉంచే గిన్నెలో ఒక్కటే గింజ, ఆ గిన్నె మీద సన్నటి పొడుగు పొలుసులు చింపిరి జుట్టులా వెనక్కి వంగి ఉన్నాయి. ఇక మిగిలిన అనుమానం క్వెర్కస్ వేరియాబిలిస్ అనే మరో ఓక్. దాని ఆకు పళ్లూ గిన్నె కూడా అచ్చం ఇలాగే ఉంటాయి, చిక్కంతా అక్కడే. కానీ దాని ముదురాకు అడుగున తెల్లటి నూగు దట్టంగా ఉంటుంది, బెరడు బెండులా మెత్తన. ఈ చెట్టు ముదురాకు రెండు వైపులా పచ్చగా ఉంది. 10 రెట్ల లెన్సులో చూస్తే అడుగున ఈనెల దగ్గర మాత్రం కాసిని వెంట్రుకలు. బెరడు గట్టిగా, నిలువు పగుళ్లతో ఉంది. నమూనా చూసిన బాటనిస్టు కూడా ఇదే పేరు చెప్పారు.

లేతాకు మాత్రం చూడకండి. చిగురులో దీనికీ నూగు ఉంటుంది, నా మొదటి ఫొటో తికమక పెట్టింది అందుకే.

ఆకు పొడవు కొలవడం వృథా, రెండింటిదీ ఇంచుమించు ఒకటే. కొమ్మల మీది చిట్టి కాయలు తెగులూ కాదు: ఈ జాతి కాయ పూసిన మరుసటి ఏడాది గానీ పండదు.