డివైస్ ట్రీలో ఇంటరప్ట్ కనెక్షన్ రాయడం: మాన్యువల్‌లోని నంబరు ఎందుకు పనిచేయడం లేదు?

ప్రశ్న: హనుమకొండ_బోర్డు

అందరికీ నమస్కారం. నర్సంపేట వైపు ఒక చెరువు తూము దగ్గర నీటిమట్టాన్ని నమోదు చేసే పరికరాన్ని మా వర్క్‌షాపులో తయారు చేస్తున్నాము. బోర్డు మీద లైనక్స్ నడిచే ఆర్మ్ చిప్పు ఉంది. అందులో ఇంటరప్ట్‌లను (పరికరాలు ప్రాసెసరుకు పంపే పిలుపులను) చూసుకునే కంట్రోలరు జీఐసీ. సెన్సరు డేటా వచ్చే సీరియల్ పోర్టుకు చిప్పు మాన్యువల్‌లో ఇంటరప్ట్ ఐడీ 77 అని ఉంది. డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏ పరికరం ఎక్కడ కలిసిందో కెర్నల్‌కు చెప్పే ఫైలులో) ఆ పోర్టు నోడ్‌లో, అంటే దానికి కేటాయించిన భాగంలో, ఇంటరప్ట్స్ విలువగా "0 77 4" అని రాస్తే డ్రైవరు ఏ లోపమూ చూపకుండా లోడవుతుంది కానీ, డేటా వస్తున్నప్పుడు కూడా ఇంటరప్ట్ లెక్క సున్నా దగ్గరే నిలిచి ఉంటుంది.

రెండో ఇబ్బంది ఫ్లోట్ స్విచ్‌లది. అవి ఐ2సీ అనే రెండు తీగల బస్సు మీద ఉన్న ఒక ఎక్స్‌పాండర్ (అదనపు పిన్నులు ఇచ్చే) చిప్పుకు వస్తాయి. దాని ఇంటరప్ట్ కాలు ఒకటవ జీపీఐఓ (సాధారణ ఇన్‌పుట్-అవుట్‌పుట్ పిన్నుల) బ్యాంకులోని 19వ పిన్నుకు కలిసి ఉంది. దానికి "0 19 4" అని రాశాము, డ్రైవరు మేమే రాసుకున్నది. స్విచ్ కదిలినా ఏమీ రావడం లేదు. తూము తెరిచిన క్షణం కచ్చితంగా నమోదు కావాలి కాబట్టి పోలింగ్‌తో (మధ్యమధ్య మేమే చదివి చూడటంతో) సరిపెట్టుకోలేము. పెద్దలు దారి చూపగలరు.

జవాబు: కాజీపేట_కెర్నల్

ఇంటరప్ట్స్ విలువలోని అంకెలకు అర్థం చెప్పేది పరికరం కాదు, ఆ తీగ చేరే కంట్రోలరు. ఇంటి నంబరు ఒక్కటే చెబితే ఉత్తరం చేరదు, ఏ వాడో కూడా చెప్పాలి. ఇక్కడ ఆ వాడ ఇంటరప్ట్-పేరెంట్. ఒక్కో ఇంటరప్ట్‌కు ఎన్ని అంకెలు రాయాలో కంట్రోలరు నోడ్‌లోని ఇంటరప్ట్-సెల్స్ చెబుతుంది. జీఐసీకి సాధారణంగా మూడు, జీపీఐఓ కంట్రోలర్లకు ఎక్కువగా రెండు, బీగల్‌బోన్ బ్లాక్‌లోని ఏఎం335ఎక్స్ కంట్రోలరుకు ఒకటే. అందుకే వేరే బోర్డు ఫైలు నుంచి వరుసను ఎత్తి పెట్టుకుంటే కుదరదు.

మీ మొదటి చిక్కు నంబరులో ఉంది. జీఐసీలో మొదటి అంకె 0 అయితే అది అన్ని కోర్లూ పంచుకునే ఎస్‌పీఐ రకం, 1 అయితే ఒక్కో కోరుకు విడిగా ఉండే పీపీఐ రకం. ఎస్‌పీఐల హార్డ్‌వేర్ ఐడీలు 32 నుంచి, పీపీఐలవి 16 నుంచి మొదలవుతాయి. రెండో అంకెగా ఆ మొదలు తీసేయగా మిగిలినదే రాయాలి. మీ 77లోంచి 32 పోతే 45 కాబట్టి "0 45 4" రాయండి. కొన్ని మాన్యువళ్లు ముందే 32 తీసేసిన నంబరును ఇస్తాయి, పట్టిక శీర్షికను తప్పక చదవండి. సరిచూసుకోవడానికి ప్రాక్‌లోని (కెర్నల్ తన స్థితిని చూపే ఫోల్డరులోని) ఇంటరప్ట్స్ ఫైలు తెరవండి. ఎడమ అంచున ఉన్నది కెర్నల్ తనకు తాను ఇచ్చుకున్న నంబరు, దానితో మీకు పని లేదు. కుడివైపు జీఐసీ పేరు పక్కన 77 కనబడాలి. ఇప్పుడు అక్కడ 109 కనబడుతూ ఉంటుంది.

రెండో నోడ్‌లో ఇంటరప్ట్-పేరెంట్ రాయనందున కెర్నల్ పై నోడ్‌లకు ఎక్కుతూ వెళ్లి జీఐసీని పట్టుకుంది. అంటే మీ 19 జీపీఐఓ పిన్ను కాకుండా, సంబంధం లేని 19వ ఎస్‌పీఐ అయ్యింది. ఆ నోడ్‌లో జీపీఐఓ బ్యాంకు లేబుల్‌ను ఇంటరప్ట్-పేరెంట్‌గా ఇచ్చి, పిన్ను, ఫ్లాగ్ (తీగ మీది ఏ మార్పును ఇంటరప్ట్‌గా తీసుకోవాలో చెప్పే చివరి అంకె) అనే రెండంకెలే రాయండి. ఒకే పరికరం తీగలు రెండు కంట్రోలర్లకు పోతే ఇంటరప్ట్స్-ఎక్స్‌టెండెడ్ వాడాలి. ఇంటరప్ట్స్, ఇంటరప్ట్స్-ఎక్స్‌టెండెడ్ రెండూ రాస్తే రెండోదే చెల్లుతుంది.

జవాబు: జమ్మికుంట_డీటీసీ

ఒక చిన్న చేర్పు. పేరెంట్‌ను మార్చి అంకెలు మూడే ఉంచితే డివైస్ ట్రీని కంపైల్ చేసే డీటీసీ కంపైలరు పరిమాణం సరిపోలేదని హెచ్చరిస్తుంది. అటువంటి హెచ్చరికలను చాలామంది చూడకుండా వదిలేస్తారు, అది మంచిది కాదు.

తిరిగి: హనుమకొండ_బోర్డు

అన్నగార్లకు ధన్యవాదాలు. సీరియల్ పోర్టు లెక్క కదులుతోంది. ఎక్స్‌పాండరుకు "19 4" రాస్తే మాత్రం ఇంటరప్ట్‌లు వరదలా వచ్చి, ఎవరూ పట్టించుకోలేదనే సందేశంతో కెర్నల్ ఆ లైనును మూసేస్తోంది. మల్టీమీటరుతో చూస్తే ఖాళీగా ఉన్నప్పుడు తీగ మీద 3.3 వోల్టులు ఉన్నాయి. స్విచ్ కదిలితే కిందికి దిగి, రిజిస్టరు చదివేదాకా అక్కడే ఉంటుందని డేటాషీట్ చెబుతోంది. ఫ్లాగ్ 2 పెట్టాలా, 8 పెట్టాలా?

జవాబు: కాజీపేట_కెర్నల్

1 పైకి లేచే అంచు, 2 కిందికి దిగే అంచు, 4 పై మట్టం, 8 కింది మట్టం. మీ తీగ ఊరికే ఉన్నప్పుడే పైన ఉంది కాబట్టి 4 అంటే ఎల్లవేళలా ఇంటరప్ట్ ఉన్నట్టే. లక్ష ఇంటరప్ట్‌లలో 99,900కు మించి ఏ హ్యాండ్లరూ (ఇంటరప్ట్‌కు స్పందించే డ్రైవరు కోడ్) తనవని ఒప్పుకోకపోతే కెర్నల్ ఆ లైనును మూసేస్తుంది.

మీరు చెప్పిన చిప్పుకు 8 సరైనది. 2 పెట్టినా మొదట పనిచేస్తున్నట్టే కనబడుతుంది, కానీ ఒక అంచు తప్పిపోతే ప్రమాదం. డ్రైవరు సిద్ధం కాకముందే స్విచ్ కదిలి తీగ కిందికి దిగితే, రిజిస్టరును చదివేవారు లేక అది అక్కడే ఉండిపోతుంది, మళ్లీ దిగే అంచు రాదు, తూము తెరిచినా నమోదు కాదు. మట్టం పద్ధతిలో తీగ కింద ఉన్నంతసేపు కబురు నిలిచే ఉంటుంది. మీ జీపీఐఓ కంట్రోలరు మట్టం ఇంటరప్ట్‌లకు పనికొస్తుందో లేదో ముందు చూసుకోండి. ఐ2సీ చదవడానికి నిద్రపోవాల్సి వస్తుంది కాబట్టి త్రెడెడ్ హ్యాండ్లరు (విడి త్రెడ్‌లో నడిచేది) వాడి, త్రెడ్ ముగిసేదాకా లైను తెరుచుకోకుండా వన్‌షాట్ ఫ్లాగ్ ఇవ్వండి. ఇంకొక మాట, మీ డ్రైవరు ఇంటరప్ట్‌ను కోరేటప్పుడు ట్రిగ్గర్ ఫ్లాగ్‌ను తానే ఇస్తే అదే చెల్లుతుంది, ట్రీలో రాసినది పక్కకు పోతుంది. ఆ చోట ట్రిగ్గర్ ఏదీ ఇవ్వకండి.